పదహారు కోర్లు కొన్నా క్వెరీ నడిచేది ఒక్కదాని మీదే

"డేటాబేస్ నెమ్మదిగా నడుస్తోందా? ఎక్కువ కోర్లున్న కంప్యూటర్ తీసుకోండి, సరిపోతుంది." ఆక్లాండ్‌లోని పాపటోయిటోయిలో గ్రేట్ సౌత్ రోడ్డు వెంటో, సెయింట్ జార్జ్ స్ట్రీట్ వెంటో కిరాణా దుకాణమో చిన్న అకౌంటింగ్ ఆఫీసో నడుపుతున్న మనవాళ్లను కదిపితే ఈ సలహా వినిపిస్తుంది. ఇచ్చేవారు నమ్మకంతోనే ఇస్తారు, తీసుకునేవారూ నమ్మకంతోనే తీసుకుంటారు. అయినా ఇది తప్పుడు సలహా. సమస్య ఉన్నచోటి నుంచి డబ్బునూ దృష్టినీ రెండింటినీ పక్కకు లాగేసేంత తప్పు.

దీన్ని ఇప్పుడే ఖండించడానికి కారణముంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. పాత ప్రాసెసర్లున్న కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కే అర్హత లేదు. మరోవైపు 2025 మే 22 నుంచి కొన్న కొత్త వ్యాపార ఆస్తుల ఖరీదులో 20 శాతాన్ని ఆ ఏడాదే ఖర్చుగా చూపుకోవడానికి న్యూజిలాండ్ ప్రభుత్వం వీలిచ్చింది. కాబట్టి కంప్యూటర్లు మార్చడం సబబే. ఏది కొనాలన్న దగ్గరే ఈ సలహా అడ్డుపడి, అవసరం లేని కోర్లకు డబ్బు పెట్టిస్తోంది.

ముందు ఎదుటివారి వాదాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. 2005 ప్రాంతం నుంచి ప్రాసెసర్ల గడియార వేగం పెరగడం దాదాపు ఆగింది, తయారీదార్లు కోర్లు పెంచుతూ వచ్చారు. కనుక ఇకమీదట వేగమంటే కోర్లే. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒకే క్వెరీని ముక్కలు చేసి పలు కోర్లకు పంచుతాయి. పోస్ట్‌గ్రెస్ కూడా 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి ఆ పని చేస్తోంది. యాక్సెస్ లోపలి ఇంజిన్‌లోనూ ఒకటికి మించి థ్రెడ్లు, అంటే విడివిడిగా నడవగల పని వరుసలు, ఉన్నాయి. పదిమంది ఒకేసారి వాడితే పది కోర్లు పంచుకుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిస్తే అన్ని కోర్లూ కదులుతూ కనిపిస్తాయి కూడా.

ఇవి తెలివితక్కువ మాటలు కావు. విడివిడిగా చూస్తే చాలావరకు నిజాలే. ఆ నిజాల నుంచి లాగిన నిర్ణయమే నిలవదు. నేను డెస్క్‌టాప్ డేటాబేస్ అంటున్నది మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌నీ, 2004లో చివరి వెర్షన్ వచ్చి 2015లో మద్దతు కూడా ఆగిపోయినా ఇంకా కొన్ని చోట్ల నడుస్తున్న విజువల్ ఫాక్స్‌ప్రోనీ, ఎన్నో చిన్న సాఫ్ట్‌వేర్ల అడుగున ఉండే ఎస్‌క్యూలైట్‌నీ. డేటా అంతా ఒక ఫైల్లోనో ఫోల్డర్లోనో ఉండి, ఇంజిన్ వాడేవారి కంప్యూటర్లోనే నడిచే రకం. మన ఊళ్లలో ట్యాలీ డేటా ఫోల్డర్‌ను ఆఫీసంతా పంచుకోవడం చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

1. సర్వర్ గుణాన్ని ఫైలుకు అంటగట్టారు

ఈ సలహా ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మనలో చాలామంది హైదరాబాద్ అమీర్‌పేటలో ఒరాకిలో ఎస్‌క్యూఎల్ సర్వరో నేర్చుకుని వచ్చినవాళ్లం. అక్కడ డేటాబేస్ అంటే సర్వర్. క్వెరీ సర్వర్‌కు వెళ్తుంది, లెక్క అక్కడే జరుగుతుంది, జవాబు మాత్రం వెనక్కి వస్తుంది. అలాంటిచోట సర్వర్‌కు కోర్లు పెంచడంలో అర్థముంది.

యాక్సెస్‌లో ఆ ఏర్పాటే లేదు. ఆఫీసులో మూలనున్న కంప్యూటర్లో డేటా ఫైలు పెట్టి, మిగతా నలుగురూ దాన్ని నెట్‌వర్క్ మీద తెరిచారనుకోండి. మూలనున్న కంప్యూటర్ ఒక్క క్వెరీ కూడా నడపదు. ఫలానా చోటి నుంచి ఇన్ని బైట్లు ఇవ్వమంటే ఇస్తుంది, అంతే. వెతకడం, జల్లించడం, కూడటం అన్నీ అడిగినవారి కంప్యూటర్లోనే జరుగుతాయి. మూలనున్నదానికి 32 కోర్లు పెట్టినా అందులో రిపోర్టు కోసం కష్టపడే కోరు ఒక్కటీ ఉండదు.

"పదిమందికి పది కోర్లు" అన్న వాదం ఇక్కడే కూలిపోతుంది. పదిమంది వాడితే పది ఇంజిన్లు పది వేర్వేరు కంప్యూటర్లలో ఇప్పటికే నడుస్తున్నాయి. కోర్ల కొరత అక్కడ మొదటినుంచీ లేదు. వాళ్లు నిజంగా పోటీపడేది ఒకే ఫైలు కోసం, ఆ ఫైలు మీది తాళాల కోసం, దాన్ని మోసే ఒకే నెట్‌వర్క్ కోసం. ఎస్‌క్యూలైట్ సంగతీ అంతే: ఒక సమయంలో రాసేది ఒక్కరే. 2010లో 3.7.0 వెర్షన్‌తో వచ్చిన వాల్ (రైట్ అహెడ్ లాగింగ్) పద్ధతిలో ఒకరు రాస్తుండగా మిగతావారు చదువుకోవచ్చు, కానీ ఇద్దరు కలిసి రాయలేరు. పైగా ఆ పద్ధతి ఒకే కంప్యూటర్‌కు పరిమితం, నెట్‌వర్క్ ఫోల్డర్ మీద పనిచేయదు.

దీని పక్కనే ఇంకో అపోహ తిరుగుతోంది, అదీ తీసేయాలి: యాక్సెస్ ఎప్పుడూ టేబుల్ మొత్తాన్ని నెట్‌వర్క్ మీదికి లాగుతుందని. సరైన ఇండెక్స్ ఉంటే అది ఇండెక్స్ పేజీలు కొన్నీ, కావలసిన రికార్డులున్న పేజీలూ మాత్రమే తెచ్చుకుంటుంది. మొత్తం లాగేది ఇండెక్స్ లేనప్పుడు, లేదా ఇండెక్స్ పనికిరాకుండా క్వెరీ రాసినప్పుడు.

2. థ్రెడ్లున్నాయి, కానీ మీరనుకున్న పనికి కాదు

యాక్సెస్ లోపలి జెట్ ఇంజిన్‌లో పలు థ్రెడ్లున్నాయన్నది నిజం. యాక్సెస్ 95తో వచ్చిన జెట్ 3.0 నుంచే ఉన్నాయి, రిజిస్ట్రీలో వాటి సంఖ్య మామూలుగా 3. అవి చేసే పనులు ఇవి: రాబోయే పేజీలను ముందుగా చదివి పెట్టడం, మార్పులను కాస్త ఆగి డిస్కు మీద రాయడం, క్యాష్‌ను సర్దడం. ఒక క్వెరీని మూడు ముక్కలు చేసి ముగ్గురికి పంచడం వాటి పని కాదు. ఫారాల వెనక రాసే వీబీఏ కోడు కూడా ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది. "మల్టీ థ్రెడ్" అన్న మాట కనపడగానే లెక్క పదహారు రెట్లు వేగమవుతుందని అనుకోవడం, ఆ థ్రెడ్లు ఏం చేస్తున్నాయో అడగకపోవడం వల్లే.

ఎస్‌క్యూలైట్‌లో కూడా ఒక క్వెరీ ప్రధానంగా ఒక థ్రెడ్‌లోనే సాగుతుంది. పెద్ద సార్టింగ్ పనులకు సహాయక థ్రెడ్లు వాడుకునే సదుపాయం 2014లో వచ్చింది. దాన్ని ప్రత్యేకంగా అడగాలి, అడిగినా సార్టింగ్ వరకే.

3. టాస్క్ మేనేజర్‌ను తప్పుగా చదువుతున్నారు

"అన్ని కోర్లూ కదులుతున్నాయి కదా" అన్నదాన్ని రుజువుగా చూపిస్తారు. విండోస్ ఒక థ్రెడ్‌ను ఒకే కోరు మీద కట్టేసి ఉంచదు, క్షణక్షణానికీ ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి మారుస్తుంటుంది. ఒకే థ్రెడ్ చేసే పని పదహారు గ్రాఫుల్లోనూ చిన్న చిన్న అలలుగా పరుచుకుని కనిపిస్తుంది. ఏ క్షణంలో చూసినా పనిచేస్తున్నది ఒక్కటే.

చూడాల్సింది మొత్తం శాతాన్ని. ఒక్కో కోరు ఒకే థ్రెడ్‌ను నడిపే నాలుగు కోర్ల కంప్యూటర్లో ఒక థ్రెడ్ పూర్తి శక్తితో నడిస్తే 25 శాతం కనపడుతుంది, అలాంటి కోర్లు పదహారుంటే 6.25 శాతం. రిపోర్టు నడుస్తుండగా ఆ 6 కూడా దాటకుండా 2 దగ్గర నిలిచిందంటే, ఉన్న ఒక్క కోరుకే చేతినిండా పని లేదు. అది డిస్కు కోసమో నెట్‌వర్క్ కోసమో ఎదురుచూస్తోంది. ఎదురుచూస్తున్న కోరు పక్కన మరో పదిహేను కోర్లు చేర్చి ఏ ఫలితం ఆశిస్తున్నారు?

4. కాలం పోతున్నది ఎక్కడ

7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా. ఆ 8 మిల్లీసెకన్లలో 3 గిగాహెర్ట్జ్ కోరు దాదాపు రెండున్నర కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఎస్‌క్యూలైట్ తయారీదార్లే చెప్పే లెక్క ఒకటుంది. మామూలు డెస్క్‌టాప్ మీద అది సెకనుకు 50,000కు పైగా రికార్డులు చేర్చగలదు, కానీ అలాంటి డిస్కు మీద లావాదేవీలు మాత్రం సెకనుకు 60 దగ్గరే ఆగుతాయి. ప్రతి లావాదేవీ డిస్కు మీద భద్రంగా పడేదాకా అది ఆగి చూస్తుంది మరి. రోజు బిల్లులను లూప్‌లో ఒక్కొక్కటే చేర్చే కోడును ఒకే లావాదేవీలో చుట్టేస్తే వచ్చే తేడా ఇది. దీన్ని ఏ ప్రాసెసరూ ఇవ్వలేదు.

నెట్‌వర్క్ సంగతి చూద్దాం. ఒక రిపోర్టుకు 20,000 పేజీలు కావాలనుకుందాం. యాక్సెస్ పేజీ 4 కిలోబైట్లు కాబట్టి మొత్తం 80 మెగాబైట్లే. వాటిని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతే, వైఫై మీద ప్రతి అడగడానికీ 2 మిల్లీసెకన్లు పడితే 40 సెకన్లు. కేబుల్ మీద 0.3 మిల్లీసెకన్లు పడితే 6 సెకన్లు. ఫైలు ఆ కంప్యూటర్లోనే ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే ఇంకా తక్కువ. ముప్పై డాలర్ల కేబుల్ చేయగల పనిని రెండు వేల డాలర్ల ప్రాసెసర్‌కు అప్పగిస్తున్నాం. పైగా వైఫై మీద యాక్సెస్ ఫైలు తెరిచి ఉంచితే, సంకేతం ఒక్క క్షణం తెగినా ఫైలు పాడయ్యే ప్రమాదముంది. అది నెమ్మదికన్నా పెద్ద కష్టం.

జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. అరవై సెకన్ల రిపోర్టులో 45 సెకన్లు ఎదురుచూపు, 15 సెకన్లు లెక్క అనుకోండి. ఇంజిన్ ఆ లెక్కను పదహారు కోర్లకు సమంగా పంచగలదని లేని శక్తిని ఆపాదించినా, 15 కాస్తా ఒకటవుతుంది, రిపోర్టు 46 సెకన్లకు వస్తుంది. నిజానికి పంచదు కనుక అరవై అరవైగానే ఉంటుంది. 45 సెకన్ల ఎదురుచూపును తీసేసే పని మాత్రం అలాగే మిగిలిపోతుంది.

5. అసలు దోషం ఉన్న చోటు

న్యూజిలాండ్‌లోనూ మన దగ్గరలాగే ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా చాలామందికి. సంవత్సరాంతానికి అమ్మకాల రిపోర్టు తీయాలి. తేదీ కాలమ్ మీద "ఇయర్" ఫంక్షన్ పెట్టి, "మంత్" ఫంక్షన్ పెట్టి క్వెరీ రాస్తారు. టేబుల్లో ఐదు లక్షల రికార్డులుంటే ఆ ఫంక్షన్ ఐదు లక్షల సార్లు నడవాలి. తేదీ మీద ఇండెక్స్ ఉన్నా వృథా, ఎందుకంటే ఇండెక్స్‌లో ఉన్నది తేదీ, ఫంక్షన్ ఇచ్చే జవాబు కాదు. దాన్ని "2025 ఏప్రిల్ 1 నుంచి, 2026 ఏప్రిల్ 1 లోపు" అని తేదీల హద్దుగా మార్చి రాస్తే ఇంజిన్ ఇండెక్స్‌లో మూడు నాలుగు మెట్లు దిగి నేరుగా ఆ చోటికి వెళ్తుంది. రెండు నిమిషాల దిద్దుబాటు.

ఇంకొకటి మన పేర్లకు సంబంధించినది. సభ్యుల జాబితాలో చివర "రావు" ఉన్నవారిని వెతకడానికి ముందు నక్షత్రం గుర్తు పెట్టి వెతుకుతారు. మొదటి అక్షరమేదో తెలియని వెతుకులాటకు ఇండెక్స్ దారి చూపలేదు, టేబుల్ మొత్తం చదవాల్సిందే. ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలతో వెతికే దుకాణాల్లోనూ ఇదే తంతు. ఆ నాలుగు అంకెలను వేరే కాలమ్‌లో దాచి దాని మీద ఇండెక్స్ పెడితే గొడవే ఉండదు.

మూడు వేల వరుసల రిపోర్టులో ప్రతి వరుసకూ డీలుకప్ ఫంక్షన్ పెట్టినవారు మూడు వేల చిన్న క్వెరీలు రాసినట్టే. ఒక్క జాయిన్‌తో పోయేది అది. నలుగురూ ఒకే ఫారాల ఫైలును నెట్‌వర్క్ మీద తెరుస్తున్నారా? ఫారాలూ కోడూ ఉన్న ఫైలును విడదీసి ఎవరి కంప్యూటర్లో వారికి కాపీ ఇవ్వండి, డేటా ఫైలు ఒక్కటే ఉమ్మడిగా ఉంచండి. డేటా ఫైలు తెరిచిన ప్రతిసారీ తాళం ఫైలు పుట్టి, మూసినప్పుడల్లా చచ్చే ఆలస్యం పోవాలంటే ప్రోగ్రాం తెరిచి ఉన్నంతసేపూ ఒక చిన్న టేబుల్‌ను తెరిచే ఉంచితే చాలు. వీటిలో దేనికీ కొత్త కంప్యూటర్ అక్కరలేదు. వీటిలో ఏ ఒక్కటీ చూడకుండా "కోర్లు సరిపోవడం లేదు" అనేవారు రోగిని ముట్టుకోకుండా మందు రాస్తున్నారు.

6. నాకు అభ్యంతరం లేనిది

ఒక కోరు నుంచి రెండుకు వెళ్లినప్పుడు తేడా నిజంగానే కనిపించింది. యాంటీవైరస్, విండోస్ సొంత పనులు, బ్రౌజర్ ఒకదాని మీద ఉంటే డేటాబేస్‌కు ఇంకోటి మిగులుతుంది. నాలుగు కోర్లతో ఆ సౌకర్యం ఇంకా స్థిరపడింది. ఒకే రోట్లో ఇద్దరు వంతులవారీగా దంచగలరు, ముగ్గురూ సర్దుకుంటారు. పదహారో రోకలికి చోటే లేదు.

అలాగే డెస్క్‌టాప్ డేటాబేస్ ఎన్నటికీ పలు కోర్లు వాడలేదని కూడా నేననడం లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పుట్టి 2019లో బయటికొచ్చిన డక్‌డీబీ సర్వర్ లేకుండానే ఒక్క క్వెరీని కోర్లన్నిటికీ పంచుతుంది. లక్షల వరుసలను విశ్లేషించేవారు దాన్ని వాడితే ప్రతి కోరుకూ విలువుంది. కానీ అది నలుగురు నాలుగు కౌంటర్ల నుంచి ఒకే ఫైల్లోకి బిల్లులు కొట్టడానికి చేసినది కాదు. ఎక్సెల్ 2007 నుంచి లెక్కలను పలు థ్రెడ్లలో చేస్తోంది, అదే పెట్టెలో వచ్చిన యాక్సెస్ చేయడం లేదు. కోర్ల లాభం సాఫ్ట్‌వేర్ అల్లికలో ఉంటుంది. ఆ అల్లిక లేనిచోట దాన్ని కొనుక్కోలేం.

7. ఎక్స్‌ప్రెస్‌కు మారితే కోర్లు వాడుకోవచ్చా?

ఓడిపోతున్న వాదానికి ఇది చివరి ఆశ్రయం. డబ్బు కట్టక్కరలేని ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2022ను తీసుకోండి. అది వాడుకునేది ఒక సాకెట్ లేదా నాలుగు కోర్లు, రెండింటిలో ఏది తక్కువైతే అది. డేటాబేస్ 10 జీబీకి మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, డెస్క్‌టాప్, ఎక్స్‌ప్రెస్ ఎడిషన్లలో ఒక క్వెరీని కోర్లకు పంచే సమాంతర ప్లాన్ తయారు కాదు. ఎందుకు పంచలేదో చెప్పే కారణాల జాబితాలో మైక్రోసాఫ్టే దీన్ని పేరుపెట్టి రాసింది. పదహారు కోర్ల యంత్రం మీద ఎక్స్‌ప్రెస్ పెడితే పన్నెండు కోర్లు దానికి కనపడనే కనపడవు.

అయినా మారడంలో మేలుంది. యాక్సెస్ ఫైలు హద్దు 2 జీబీ, దాని దగ్గరికి చేరుతున్నవారు మారి తీరాలి. క్వెరీ సర్వర్‌లోనే నడుస్తుంది, నలుగురి క్వెరీలు నాలుగు కోర్ల మీద పక్కపక్కన నడుస్తాయి, తెగిన నెట్‌వర్క్ ఫైలును పాడుచేయదు. కానీ పాత క్వెరీలను అలాగే ఉంచి టేబుళ్లను మాత్రం లింక్ చేస్తే, వీబీఏలో రాసుకున్న ఫంక్షన్‌తోనే రికార్డులను జల్లించే ప్రతి క్వెరీకీ సర్వర్ నుంచి రికార్డులన్నీ మళ్లీ మీ కంప్యూటర్‌కే వస్తాయి. ఐదో భాగంలో చెప్పిన పని తప్పించుకోవడానికి ఇక్కడా దారి లేదు.

8. ఈ సలహా చేస్తున్న నష్టం

కోర్లు ఎక్కువున్న ప్రాసెసర్ డేటాబేస్‌కు నెమ్మదైనదే కావచ్చు. వర్క్‌స్టేషన్లకు చేసే 32 కోర్ల ప్రాసెసర్లలో ఒక్కో కోరు వేగం, ఆరు కోర్ల మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ కోరుకన్నా తక్కువ ఉండటం సాధారణం. ఇంటెల్ 2021లో తెచ్చిన పన్నెండో తరం నుంచి కోర్ల లెక్క చూసి కొనడం ఇంకా ప్రమాదం: ఐ7-12700హెచ్‌కు 14 కోర్లని రాస్తారు, అందులో పెద్దవి 6, పొదుపు కోసం పెట్టిన చిన్నవి 8. ఒక్క థ్రెడ్ మీద నడిచే ప్రోగ్రాంకు కావలసింది ఆ ఆరింటిలో ఒకదాని వేగం మాత్రమే.

న్యూజిలాండ్‌లో వ్యాపార పన్ను రికార్డులు మామూలుగా ఏడేళ్లు భద్రపరచాలి. ఆ ఏడేళ్ల అమ్మకాలూ జీఎస్టీ లెక్కలూ ఒకే ఫైల్లో, వైఫై మీద, కొన్నిచోట్ల క్లౌడ్ సింక్ ఫోల్డర్లో పెట్టి నడుపుతున్నారు. ఇద్దరు ఒకేసారి రాస్తే సింక్ ఆ ఫైలును రెండు కాపీలుగా చీల్చవచ్చు. బ్యాకప్‌కు, కేబుల్‌కు, ఎస్‌ఎస్‌డీకి పోవాల్సిన డబ్బు కోర్లకు పోయింది. అందుకే ఈ సలహాను నేను చిన్న పొరపాటుగా చూడలేను. ఇది డేటాబేస్ రాసినవారిని జవాబుదారీ నుంచి తప్పిస్తుంది, దుకాణదారు కష్టార్జితాన్ని తప్పుచోట పెట్టిస్తుంది, ప్రమాదాన్ని ఉన్నచోటే వదిలేస్తుంది. వ్యాపారానికని కొన్నప్పుడు 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం వర్తించదని ఒప్పందంలో రాసే వీలుంది కాబట్టి, కొన్నాక చింతించినా అన్నిసార్లూ దారి ఉండదు.

కనుక కొనకముందే తేల్చుకోండి. ఉన్న కంప్యూటర్లో, డేటా ఫైలు కాపీని సొంత డిస్కు మీద పెట్టి, నెమ్మదిగా ఉన్న రిపోర్టును రెండుసార్లు నడిపి రెండోసారి పట్టిన కాలం రాసుకోండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో వివరాల పేజీకి వెళ్లి, యాక్సెస్ ప్రోగ్రాం మీద కుడి క్లిక్ చేసి, అఫినిటీలో ఒక్క కోరునే ఉంచి మళ్లీ నడపండి. చిన్నా పెద్దా కోర్లున్న ప్రాసెసర్ అయితే పెద్దదాన్నే ఎంచుకోండి. రెండు కాలాలూ దగ్గరగా ఉంటే మీ డేటాబేస్ మిగతా కోర్లను వాడుకోవడం లేదని మీ ఫైలే చెప్పినట్టు. సొంత డిస్కు మీద వేగంగా, నెట్‌వర్క్ మీద నెమ్మదిగా ఉంటే కేబుల్ సంగతి చూడండి. రెండుచోట్లా నెమ్మదిగా ఉంటే క్వెరీ రాసినవారిని పిలిపించి ఇండెక్సులు చూపించమనండి. "కాదు, పదహారు కోర్లే కావాలి" అని అమ్మేవారు పట్టుబడితే, మీ ఫైలుతోనే, వారి యంత్రం మీదే, డబ్బు కట్టకముందే ఈ పరీక్ష చేయించండి. అందుకు ఒప్పుకోనివారికి కోర్ల పేరు మీద ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వకండి.